పొలం మధ్యలో చదరపు అగడ్త: ఇంగ్లండ్‌లో ఇవి ఎవరు తవ్వించారు?

వంశీ_ఇప్స్‌విచ్ | శనివారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. నేను సఫోక్ కౌంటీలో ఉంటాను. సెలవు దొరికితే పొలాల మధ్య కాలిబాటలు పట్టుకుని నడవడం అలవాటు. ఇవాళ ఒక పచ్చిక బీడులో వింత ఆకారం కనిపించింది. మూడు వైపులా పలకగా తవ్విన పెద్ద కందకం. ఒక వైపు నీళ్ళు, రెల్లు. మిగతా రెండు వైపులా బురద. నాలుగో వైపు దాదాపు పూడిపోయి చిన్న పల్లంలా ఉంది. మధ్యలో కాస్త ఎత్తుగా చదునైన నేల, దాని మీద గొర్రెలు. ఇల్లు లేదు, గోడ లేదు, ఒక్క రాయి కూడా లేదు.

ఇంటికొచ్చి ఆర్డ్నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపు తీస్తే సరిగ్గా అక్కడే గోథిక్ అక్షరాల్లో 'మోట్' (అగడ్త) అని రాసి ఉంది. ఇది ఏదైనా కోటా? కోటయితే రాళ్ళన్నీ ఏమయ్యాయి? మా ఆఫీసులో ఒకతని దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది, వచ్చే వారం వెళ్దామంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.


పాతమ్యాపులు | శనివారం, రాత్రి 8:47

వంశీ, ముందు డిటెక్టర్ సంగతి పక్కన పెట్టు. దాని గురించి కింద ఎవరో ఒకరు గట్టిగానే చెబుతారు.

ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళు పురాతన స్థలాలను గోథిక్ అక్షరాల్లో వేస్తారు, రోమన్ల కాలానివైతే వేరే అచ్చులో. కాబట్టి నువ్వు చూసింది రైతు తవ్వుకున్న మామూలు చెరువు కాదు. అలాగని కోటా కాదు. అది ఇల్లు. ఇల్లు, వంటిల్లు, గాదె, కొట్టం అన్నీ మధ్యలో ఉన్న ఆ లంక మీద ఉండేవి. చుట్టూ అగడ్త, దాటడానికి చెక్క వంతెనో మట్టి కట్టో. ఇంగ్లండ్ మొత్తం మీద ఇలాంటివి దాదాపు 6,000 గుర్తించారు. అందులోనూ సఫోక్, ఎసెక్స్ కౌంటీల్లో బాగా ఎక్కువ, ఒక్కో దాంట్లో వందల కొద్దీ. ఎక్కువ భాగం 1250కీ 1350కీ మధ్య తవ్వినవే.

రాళ్ళు ఎందుకు లేవంటే, ఎప్పుడూ లేవు కాబట్టి. మీ వైపు కట్టుబడికి పనికొచ్చే రాయి దొరకదు. చెకుముకి రాయి ఒక్కటే ఉంది, అది చర్చిలకు పోయింది. ఇళ్ళన్నీ ఓక్ దూలాల చట్రం, మధ్యలో పుల్లల తడిక, దాని మీద బంకమట్టి మెత్తిన గోడ, పైన గడ్డి కప్పు. ఇల్లు పాడుబడ్డాక మంచి దూలాలు విప్పుకుని ఇంకో చోట వాడుకున్నారు, మిగిలింది కుళ్ళిపోయింది. నేలను కోసిన కోత మాత్రం మిగిలింది.

ఎవరు తవ్వించారంటే మొదట ఊరి మానర్ ప్రభువులు, అంటే మన జమీందార్లలాంటివాళ్ళు. బిషప్పులు, మఠాలు కూడా. కానీ సంఖ్య చూస్తే ప్రభువులతో లెక్క సరిపోదు. ఒకే పారిష్‌లో (ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధిలో) మూడు నాలుగు అగడ్తలు కనిపిస్తాయి. వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ అడవి ప్రాంతం తీసుకో. 13వ శతాబ్దంలో అక్కడ అడవి కొట్టి పొలం చేసుకున్న స్వతంత్ర రైతులు చాలామంది తమ ఇళ్ళ చుట్టూ అగడ్త తవ్వించుకున్నారు. వాళ్ళకు బిరుదుల్లేవు. డబ్బు మాత్రం కొత్తగా వచ్చింది. మన ఊళ్ళలో దుబాయ్ నుంచి వచ్చినవాడు ముందుగా ఇంటికి పెద్ద ఆర్చి గేటు కట్టిస్తాడే, అలాంటిదే అనుకో.


గోదారిగట్టు | శనివారం, రాత్రి 9:03

మొసళ్ళు వదిలేవారా మాస్టారూ? సినిమాల్లో అగడ్త అంటే మొసలి ఉండాల్సిందే 🙂


పాతమ్యాపులు | శనివారం, రాత్రి 9:10

ఆ చలికి మొసలి ముందే చచ్చిపోతుంది తమ్ముడూ. చేపలు ఉండేవి. ఇప్పుడైతే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే చట్టరక్షణ ఉన్న జీవి ఇలాంటి నీళ్ళలో ఉంటుంది. అది ఉందని తేలితే అగడ్తలో పూడిక తీయాలన్నా అనుమతి కావాలి. ఈ దేశంలో మొసలి కంటే అదే పెద్ద కాపలా.


ఇరిగేషన్_మూర్తి | ఆదివారం, ఉదయం 7:25

నేను చరిత్రకారుణ్ణి కాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ప్రస్తుతం అబ్బాయి దగ్గర మిల్టన్ కీన్స్‌లో ఉన్నాను. నాకు ఆసక్తిగా అనిపించింది మట్టి లెక్క.

అగడ్త గీత మధ్యగా కొలిస్తే 60 మీటర్లు పొడవు, 50 మీటర్లు వెడల్పు అనుకుందాం. చుట్టుకొలత 220 మీటర్లు. పైన 8 మీటర్లు, అడుగున 4 మీటర్లు వెడల్పు, 2 మీటర్ల లోతు. అంటే తవ్వాల్సిన మట్టి సుమారు 2,640 ఘనపు మీటర్లు. తడి బంకమట్టిలో పారతో మనిషి రోజుకు రెండున్నర ఘనపు మీటర్లు తీస్తే గొప్ప. పది మంది కూలీలకు మూడున్నర నెలల పని. ఒక వేసవి అనుకోండి. రాజు కానక్కర్లేదు, కాస్త ఉన్న రైతు అయినా చేయించగలడు. రాతి గోడ కట్టడంతో పోలిస్తే ఇది చవక బేరం.

ఇక తీసిన మట్టి ఎక్కడికి పోయింది? వంశీ గారు లంక ఎత్తుగా ఉందన్నారు కదా. అందులో సగం లోపల పరిచినా నేల అరవై సెంటీమీటర్లు లేస్తుంది. కొంత మట్టి గోడలకు పోతుంది, కొంత బయటి గట్టుకు. అంటే ఒకే తవ్వకంతో ఇంటికి పొడి నేల, గోడలకు మట్టి, మురుగు పోయే దారి, పశువులకు నీళ్ళు, నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు. గడ్డి కప్పుల మధ్య పొయ్యి వెలిగించుకునే కాలంలో ఆ చివరిది చిన్న విషయం కాదు.

ఇంకో మాట. తూర్పు ఇంగ్లండ్‌లో వాన ఏడాదికి ఇంచుమించు 600 మిల్లీమీటర్లే. మన అనంతపురం జిల్లాకూ దానికీ పెద్ద తేడా లేదు. కానీ ఎండ తక్కువ కాబట్టి నీరు ఆవిరి కాదు, బంకమట్టి కాబట్టి ఇంకదు. చలికాలంలో పొలమంతా చిత్తడి. అలాంటి నేలలో ఇల్లు కట్టుకునేవాడు ముందు చుట్టూ కాలువ తీస్తాడు. దాన్ని కాస్త వెడల్పు చేస్తే అగడ్త. అంతకు మించి ఆలోచించనవసరం లేదని నా అభిప్రాయం.


సౌజన్య_హన్మకొండ | ఆదివారం, ఉదయం 10:40

మూర్తి గారూ, లెక్క బావుంది. కానీ ఇళ్ళ చుట్టూ ఎనిమిది మీటర్ల కందకం కేవలం మురుగు కోసం అంటే నమ్మబుద్ధి కావడం లేదు. మాది ఓరుగల్లు. ఇక్కడ రాతికోట బయట మట్టికోట, దాని బయట కందకం ఇప్పటికీ చూడవచ్చు. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పుడు ఆ మట్టిగోడనూ కందకాన్నీ దాటడానికి ఢిల్లీ సైన్యం ఎంత కష్టపడిందో అమీర్ ఖుస్రో రాశాడు. అగడ్త అంటే భయం ఉన్నచోటే వస్తుంది. 1250 నుంచి 1350 అంటున్నారు, ఆ కాలంలో అక్కడ మాత్రం అంతా ప్రశాంతంగా ఉందా?


పాతమ్యాపులు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

సౌజన్య గారూ, భలే సంవత్సరం చెప్పారు. సరిగ్గా అదే 1310లో యార్క్‌షైర్‌లో మార్కెన్‌ఫీల్డ్ హాల్ అనే ఇంటికి ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 2 ఒక లైసెన్సు ఇచ్చాడు. ఇంటి గోడల మీద కోట బురుజుల్లాంటి పళ్ళు పెట్టుకోవచ్చని. ఆ ఇల్లు అగడ్తతో సహా నేటికీ ఉంది.

రెంటికీ తేడా ఇదీ. ఓరుగల్లు కందకం వెనక గోడ ఉంది, గోడ మీద సైన్యం ఉంది, లోపల ఒక రాజ్యం ఉంది. ఇంగ్లండ్ అగడ్తల్లో ఎక్కువ వాటికి లోపలి అంచున గోడ లేదు, బురుజు లేదు, కొన్నిటికి నాలుగో వైపే లేదు. మూడు వైపులు తవ్వి ఒక వైపు వదిలేసిన అగడ్త ఏ సైన్యాన్ని ఆపుతుంది? పైగా బురుజులకే రాజు అనుమతి కావాలి, అగడ్త తవ్వుకోవడానికి అక్కర్లేదు. రాజు దాన్ని యుద్ధ నిర్మాణంగా లెక్క పెట్టలేదన్నమాట. అందుకే లైసెన్సుల జాబితాలో కొన్ని వందలుంటే అగడ్తలు వేలల్లో ఉన్నాయి.

మూర్తి గారి మాటతో కూడా నాకు కొంత పేచీ ఉంది. మురుగు కోసమే అయితే కొండవాలున, నీరు నిలవని చోట కూడా అగడ్తలు ఎందుకు తవ్వారు? ఇరుకు కాలువ చాలదా? పలకగా, నిటారుగా, దారిన పోయేవాడికి కనిపించేలా ఎందుకు? ప్రభువుల ఇళ్ళకు అగడ్తలు ఉన్నాయి, వాటిని చూసి కింద వాళ్ళూ తవ్వుకున్నారు. హోదా లేనిదే ఈ సంఖ్య రాదు.


లెస్టర్_ప్రసాద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:31

సైన్యం రాకపోవచ్చు గానీ దొంగలు వస్తారు కదా. మా లెస్టర్‌షైర్ కథ చెబుతా. ఆష్‌బీ ఫోల్‌విల్ అనే ఊళ్ళో ఫోల్‌విల్ అన్నదమ్ములని ఉండేవారు, పేరున్న కుటుంబమే. 1326లో రాజు ఖజానా కోర్టు న్యాయమూర్తి రోజర్ బెల్లర్స్‌ను దారి కాచి చంపారు. 1332లో సర్ రిచర్డ్ విల్లౌబీ అనే ఇంకో న్యాయమూర్తిని ఎత్తుకుపోయి 1,300 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) వసూలు చేసి వదిలారు. న్యాయమూర్తులకే దిక్కు లేకపోతే పొలం మధ్యలో ఒంటరిగా ఉన్న ఇంటివాడి గతేంటి? అంతకు ముందే 1285లో వించెస్టర్ శాసనమని ఒకటి తెచ్చారు. రహదారికి అటూ ఇటూ 200 అడుగుల మేర దొంగలు దాక్కునే పొదలు కొట్టేయాలని అందులో ఉంది.

రాత్రిపూట వంతెన పలకలు లాగేస్తే గుర్రాల మీద వచ్చే పదిమంది మూక ఆగిపోతుంది. అది చాలు. సైన్యాన్ని ఆపాలని ఎవరూ అనుకోలేదు.


సౌజన్య_హన్మకొండ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

ప్రసాద్ గారూ, నేను అడగాలనుకున్నది ఇదే. ఇంకా 1315 నుంచి 1317 దాకా ఎడతెగని వానలతో పెద్ద కరువు వచ్చింది కదా. గాదెలో గింజలున్నవాడు ఆ మూడేళ్ళు నిద్రపోయి ఉంటాడా?


ఇరిగేషన్_మూర్తి | ఆదివారం, సాయంత్రం 4:05

ఆ వానలే నా వాదనకూ పనికొస్తాయి అమ్మా 🙂 వంద ఘనపు మీటర్ల నీరు ఇంటి గుమ్మంలో నిలిచిన వాడికి ముందు కాలువ కావాలి, తర్వాత దొంగ సంగతి.


డబ్లిన్_రాజు | ఆదివారం, రాత్రి 8:20

ఐర్లండ్ నుంచి ఒక మాట. ఇక్కడా ఇవి వందల్లో ఉన్నాయి. వెక్స్‌ఫర్డ్, కిల్కెన్నీ, టిప్పరేరీ కౌంటీల్లో ఎక్కువ. ఆంగ్లో నార్మన్ వలసదారులు 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో తవ్వుకున్నవి. వాటిలో చాలా వరకు వాళ్ళ పట్టు సడలే సరిహద్దు ప్రాంతాల్లో ఉన్నాయి. ఇక్కడ గట్టు కూడా లోపలి వైపు ఎత్తుగా వేశారు. ఇంగ్లండ్‌లో హోదా అన్న వాదన ఎంత నిలుస్తుందో గానీ, ఇక్కడ భయం పాలు ఎక్కువేనని అనిపిస్తుంది.

అయితే దీనికీ ఒక మెలిక. రోస్కామన్‌లోని క్లూన్‌ఫ్రీలో ఉన్నది ఇంగ్లీషువాడిది కాదు, కొనాక్ట్ ప్రాంతపు గేలిక్ (స్థానిక ఐరిష్) రాజు ఓ'కానర్‌ది. ఆస్థాన కవులు ఆ ఇంటిని పొగుడుతూ పద్యాలు రాశారు. శత్రువు తవ్వుకునేదాన్ని చూసి ఇటువాళ్ళూ తవ్వుకున్నారంటే అందులో దర్జా లేదనలేం.


హారో_లక్ష్మి | ఆదివారం, రాత్రి 9:34

మీ వాదనలు మీరు కానివ్వండి, నేను చూడదగ్గవి చెబుతా.

లండన్‌లో ఉన్నవాళ్ళకు మా హారోలోనే హెడ్‌స్టోన్ మేనర్ ఉంది. దూలాల వయసు లెక్కేస్తే 1310 ప్రాంతంలో కట్టిందని తేలింది. తర్వాత కాంటర్బరీ ఆర్చిబిషప్పుల చేతికి వెళ్ళింది. అగడ్తలో నీళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, బాతులు కూడా. మ్యూజియం ప్రవేశం ఉచితం. చుట్టూ పార్కు. మనవాళ్ళ పిల్లలు అక్కడ క్రికెట్ ఆడుతుంటారు, పక్కన ఏడు వందల ఏళ్ళ అగడ్త ఉందని సగం మందికి తెలియదు.

డబ్బిచ్చి చూసేవాటిలో కెంట్‌లోని ఐథమ్ మోట్ అందం. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు 1989 నుంచి 2004 దాకా విప్పి మరమ్మతు చేసింది, కోటి పౌండ్లు ఖర్చు. అక్కడి కుక్క గూడుకు కూడా అత్యున్నత వారసత్వ హోదా ఉంది, చూసి నవ్వుకోండి.

నాకు బాగా నచ్చింది వార్విక్‌షైర్‌లోని బాడ్స్‌లీ క్లింటన్. కేథలిక్ పూజారులను వేటాడే రోజుల్లో, 1591 అక్టోబరులో ఒక తెల్లవారుజామున సోదా జరిగింది. లోపలున్న జెసూట్ పూజారులు అగడ్త పక్కనున్న పాత మురుగు సొరంగంలోకి దిగి, పాదాలు మునిగే నీళ్ళలో నాలుగు గంటలు నిలబడ్డారు. దొరకలేదు. ఇంటి మురుగు పోవడానికి కట్టిన దారి ప్రాణాలు కాపాడింది. మూర్తి గారికీ ప్రసాద్ గారికీ చెరి సగం మార్కులు!

వంశీ, నీ పక్కనే హెల్మింగ్‌హామ్ హాల్ ఉంది. 1510 నుంచి ప్రతి రాత్రీ వంతెనలు పైకి ఎత్తుతూనే ఉన్నారని ఆ కుటుంబం చెబుతుంది. తోటలు చూడటానికి వేసవిలో తెరుస్తారు.


రేణుక_బర్మింగ్‌హామ్ | సోమవారం, ఉదయం 8:02

బర్మింగ్‌హామ్ బుల్‌రింగ్ దగ్గర మార్కెట్లో కూరగాయలు కొనేవాళ్ళు మోట్ లేన్ మీద నడిచే ఉంటారు. ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న డి బర్మింగ్‌హామ్ ప్రభువుల ఇంటి అగడ్త అక్కడే ఉండేది. 1810ల్లో పూడ్చేసి స్మిత్‌ఫీల్డ్ మార్కెట్ కట్టారు. నగరం నడిబొడ్డున పోయింది. వియోలీ కాసిల్‌ది మాత్రం మిగిలింది, ఎస్టేట్ ఇళ్ళ మధ్యలో ఉంది. తవ్వకాల్లో అక్కడ 13వ శతాబ్దపు చెక్క వంటిల్లు గోడల అడుగు భాగం బయటపడింది. తడి నేలలో గాలి తగలక చెక్క చెడలేదట.


నిర్వాహకులు | సోమవారం, ఉదయం 9:15

మెటల్ డిటెక్టర్ గురించి, వంశీ గారికీ ఇక్కడ చదివే అందరికీ. ఇలాంటి స్థలాల్లో చాలావాటికి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షణ ఉంది. రక్షిత స్థలంలో హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ వారసత్వ సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం నేరం, రైతు సరేనన్నా సరే. రక్షణ లేని పొలమైతే యజమాని అనుమతి తప్పనిసరి. నిధి కింద లెక్కకొచ్చేది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. ఈ చర్చలో స్థలాల ఖచ్చితమైన గుర్తులు పెట్టవద్దని మనవి.


పాతమ్యాపులు | సోమవారం, ఉదయం 9:50

నిర్వాహకులకు ధన్యవాదాలు. దీనికి ఒక కారణం కూడా కలుపుతా. రేణుక గారు చెప్పిన చెక్క లాంటిదే ప్రతి అగడ్త అడుగునా ఉండవచ్చు. తోలు చెప్పులు, చెక్క గిన్నెలు, రేగు గింజలు, పుప్పొడి, పురుగుల రెక్కలు. ఆ ఇంట్లో ఏం తిన్నారో, చుట్టూ ఏ చెట్లున్నాయో ఆ నల్లటి బురదే చెబుతుంది. పైన ఒక గొయ్యి తవ్వి గాలి తగలనిస్తే అది ఎండి పొడి అయిపోతుంది. వేట నాణెం కోసం, పోయేది మొత్తం పుస్తకం.

వంశీ, డిటెక్టర్ బదులు లైడార్ చూడు. విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచిన చిత్రాలు. పర్యావరణ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో పాత ఆర్డ్నెన్స్ సర్వే మ్యాపుల పక్కనే చూడవచ్చు. చెట్లను, రెల్లును తీసేసి నేలను మాత్రం చూపిస్తుంది. మీ అగడ్త చుట్టూ ఇంకేం ఉందో చూసి చెప్పు. అసలు సంగతి లంక మీద కంటే బయటే ఉంటుంది చాలాసార్లు.


వంశీ_ఇప్స్‌విచ్ | సోమవారం, రాత్రి 10:26

చూశాను! నిద్ర మానేసి చూస్తున్నాను. డిటెక్టర్ అతనికి వద్దని చెప్పేశా, కొంచెం మొహం మాడ్చుకున్నాడు.

లైడార్‌లో కనిపించినవి: పూడిపోయిన నాలుగో వైపు స్పష్టంగా ఉంది, మధ్యలో చిన్న తెంపుతో. అగడ్తకు తూర్పున దాన్ని ఆనుకుని ఇంకో పెద్ద చతురస్రం, దాని కందకం చాలా పలచన. వాయవ్య మూల నుంచి ఒక సన్నటి గీత వాగు వైపు పోతోంది. ఆ గీత వెంబడి మూడు పొడవాటి పలక గుంటలు వరసగా. దక్షిణాన ఒక ఊరి ఉమ్మడి పచ్చిక అంచు. ఇవాళ రైతుతో మాట్లాడాను. 1960ల్లో వాళ్ళ తాత బుల్డోజర్ పెట్టి ఒక వైపు పూడ్పించాడట, మిగతా మూడు వైపులూ డీజిల్ దండగని వదిలేశాడట.


ఇరిగేషన్_మూర్తి | మంగళవారం, ఉదయం 6:50

వంశీ బాబూ, ఆ సన్నటి గీత కాలువే. అయితే నీరు ఎటు పోతోందో ముందు తేల్చాలి. లైడార్‌లో రెండు చివర్లా ఎత్తు చూడు. వాగు వైపు ఎత్తుగా ఉంటే అది నీరు తెచ్చే కాలువ, మొదట్లో ఎక్కడో తూము ఉండాలి. పల్లంగా ఉంటే అలుగు పోయే దారి. మూడు గుంటలు వరసగా ఉన్నాయంటే చేపల చెరువులు. ఒకదాంట్లో పిల్లలు, ఒకదాంట్లో పెరిగేవి, ఒకదాన్ని ఎండగట్టి పూడిక తీసుకోవచ్చు. వంతులవారీగా వాడటానికి మూడు వీలుగా ఉంటాయి.


పాతమ్యాపులు | మంగళవారం, ఉదయం 8:33

మూర్తి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ. శుక్రవారాలు, ఈస్టర్ ముందు వచ్చే లెంట్ నలభై రోజులు మాంసం నిషేధం కాబట్టి చేపకు గిరాకీ. బ్రీమ్, పైక్ లాంటి మంచినీటి చేపలు ఖరీదైన సరుకు. అతిథికి పైక్ వడ్డించడమంటే దర్జా. కార్ప్ ఇంగ్లండ్‌కు 15వ శతాబ్దంలో గానీ రాలేదు, కాబట్టి ఈ చెరువుల్లో మొదట అది లేదు. ఇంటి మరుగుదొడ్లు అగడ్తలోకే పడేవి, అందుకే మంచి చేపలకు వేరే చెరువులు.

తూర్పున ఆనుకున్న పలచటి చతురస్రం పశువుల దొడ్డి కావచ్చు, పళ్ళతోట కావచ్చు. తవ్వకుండా తేల్చలేం. నాలుగో వైపు మధ్యలో తెంపు ఉందన్నావు, అది పాత దారి అయ్యే అవకాశం ఎక్కువ. అది పచ్చిక వైపు చూస్తోందా? సఫోక్ బంకనేల ప్రాంతంలో ఉమ్మడి పచ్చిక అంచున అగడ్త ఇళ్ళు ఉండటం మామూలే. గుమ్మం ఊరివైపు ఉంటే దారినపోయే ప్రతివాడూ నీళ్ళకు అవతల ఆ ఇంటిని చూస్తూ పోవాలి. నా వాదన మళ్ళీ మొదలుపెట్టను గానీ, ఆలోచించండి.

1349 తర్వాత కొత్త అగడ్తలు బాగా తగ్గాయి. ప్లేగుతో కూలీలు పోయారు, కూలి పెరిగింది. మూర్తి గారి పదిమంది మూడున్నర నెలల లెక్క అప్పుడు ఇంటివాడికి మోయలేని భారం అయింది.

ఈ కొలతలు, గీతలు కౌంటీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డుకు (పురాతన స్థలాల జాబితాకు) పంపు. అగడ్త వాళ్ళ జాబితాలో ఉండే ఉంటుంది, చెరువులు లేకపోవచ్చు. రైతు పేరు, ఫోటోలు అతను ఒప్పుకుంటేనే.


లెస్టర్_ప్రసాద్ | మంగళవారం, ఉదయం 11:18

వంతెన చెక్కదా మట్టికట్టా అన్నది కూడా ఆ తెంపు దగ్గర చూడు వంశీ. మొదట్నుంచీ మట్టికట్టే ఉంటే నా దొంగల వాదన కాస్త బలహీనపడుతుంది. తర్వాత పోసిన మట్టయితే బతికిపోయాను.


వంశీ_ఇప్స్‌విచ్ | మంగళవారం, రాత్రి 9:41

పచ్చిక వైపే ఉంది పాతమ్యాపులు గారూ. కాలువ ఎత్తులు కూడా చూశాను మూర్తి గారూ, వాగు వైపు చివర అర మీటరు పైన ఉంది. అంటే నీరు తెచ్చేదే కదా? తూము ఆనవాలు కోసం ఆదివారం వాగు గట్టు వెంబడి నడుస్తాను, రైతు సరేనన్నాడు, గొర్రెలు ఈనే కాలం కాబట్టి కుక్కల్ని తేవద్దన్నాడు. ప్రసాద్ గారి కట్ట సంగతి చూడటానికి ఎండ వాలే వేళ దాకా ఉంటాను, నీడలో ఎత్తుపల్లాలు బాగా కనిపిస్తాయి కదా.


ఇరిగేషన్_మూర్తి | బుధవారం, ఉదయం 6:30

తెచ్చేదే. ఆదివారం నేనూ వస్తాను, అబ్బాయి కారు ఇస్తానన్నాడు. మోకాళ్ళ దాకా బూట్లు, టేపు తెచ్చుకో. తూము చెక్క కనిపిస్తే చేత్తో కదపకు, ఫోటో తీసి అలాగే వదిలేద్దాం.


హారో_లక్ష్మి | బుధవారం, ఉదయం 7:55

మూర్తి గారూ, ఎమ్25 రహదారి మీద ఆదివారం పనులున్నాయట, ముందు చూసుకుని బయల్దేరండి. పులిహోర నా వంతు, కానీ ఇటు తిరిగి నన్ను ఎక్కించుకోవాలి.